బాబుకి సైకలాజికల్ టెస్టింగ్ చేయించమన్నారు. దాంతో అసలు ఏం తెలుస్తుంది?

చిన్నోడి అమ్మ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా బాబుకి ఎనిమిదేళ్ళు నిండాయి. నోరు విప్పితే ఆగడు. కథ చదివి వినిపిస్తే మధ్యలో ఆపి మరీ ప్రశ్నలడుగుతాడు. వారం తర్వాత అడిగినా పొల్లు పోకుండా మళ్ళీ చెప్తాడు. అదే పుస్తకం చేతికిచ్చి చదవమంటే మాత్రం మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేస్తాడు. నిన్న చదివిన పదమే ఇవాళ వాడికి కొత్తది. హోంవర్క్ తీస్తే చాలు, దాహం వేస్తుంది, కడుపు నొప్పి వస్తుంది, పెన్సిల్ ముల్లు విరుగుతుంది. రోజూ సాయంత్రం ఇంట్లో ఇదే గొడవ.

"ధ్యాస పెట్టడు, రాస్తూ రాస్తూ వదిలేసి పక్కవాళ్ళతో మాట్లాడతాడు" అని క్లాస్ టీచర్ రాసి పంపారు. పిల్లల డాక్టర్‌గారు ఏడీహెచ్‌డీ (ధ్యాస, నిలకడ కుదరని సమస్య) ఏమో చూద్దామని మాకొక ఫారం, టీచర్‌కొక ఫారం ఇచ్చారు. టీచర్ నింపిన దాంట్లో స్కోరు బాగా ఎక్కువ వచ్చింది, నేను నింపిన దాంట్లో మామూలుగానే ఉంది. ఇలా తేలేది కాదు, పూర్తి టెస్టింగ్ చేయించండి అన్నారు.

మా ఆయనేమో "చిన్నప్పుడు నేనూ అంతే, పైకి చదవమంటే చచ్చేంత భయం, పెద్దయ్యాక అదే సర్దుకుంది" అంటారు. గారాబం ఎక్కువైందని మా అత్తగారు. నాకు మాత్రం వాడు బద్ధకించి చేస్తున్నట్టు అనిపించట్లేదు. మొన్న పుస్తకం మూసేసి "నాకు బుర్ర లేదా అమ్మా?" అని అడిగాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

ఈ టెస్టింగ్‌లో పిల్లాడిని ఏం చేస్తారు? చివరికి ఐక్యూ ఇంత అని ఒక నంబర్ ఇచ్చి ముద్ర వేసి పంపిస్తారా? తీసుకెళ్ళేముందు వాడికి ఏమని చెప్పాలి? చేయించినవాళ్ళు, చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి.


ఇద్దరు కూతుళ్ళ నాన్న:

మా పెద్దమ్మాయికి చేయించాం అండి. మొదట వెళ్ళిన చోట గంటసేపు కూర్చోబెట్టి, ఒక కాగితం మీద ఐక్యూ నంబరూ "సగటు" అన్న మాటా రాసిచ్చి పంపేశారు. మమ్మల్ని ఒక్క ప్రశ్న అడగలేదు, పాప నోట్‌బుక్ చూడలేదు. ఆ కాగితం పట్టుకుని ఇంటికొచ్చి, దీంతో రేపు పొద్దున ఏం చెయ్యాలి అని నేనూ మా ఆవిడా మొహాలు చూసుకున్నాం.

తర్వాత ఇంకొకరి దగ్గర చేయించాం. పాపకి విషయం తెలుసు, అది కాగితం మీద పెట్టే వేగమే తక్కువ అని తేలింది. నోటితో అడిగితే ఠక్కున చెప్పే జవాబుని రాయడానికి పెన్సిల్‌తో కుస్తీ పడుతోంది. పరీక్షల్లో అదనపు సమయం, బోర్డు మీదది మొత్తం ఎక్కించుకోకుండా అచ్చు కాగితం ఇవ్వడం, ఈ రెండిటితోనే ఇంట్లో ఏడుపులు తగ్గాయి. అందుకని ముందే ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: మాతో మాట్లాడతారా, టీచర్‌తో మాట్లాడతారా, రిపోర్ట్ చేతికిచ్చాక కూర్చుని వివరిస్తారా. ఏ ఒక్కదానికి కాదన్నా వేరే వాళ్ళని చూసుకోండి.


పిల్లల సైకాలజిస్ట్:

అమ్మా, నేను పిల్లలకి ఈ పరీక్షలు చేసే సైకాలజిస్ట్‌ని. మీరు రాసింది చదివాక చేయించండి అనే చెప్తాను. అయితే "వీడికి ఏముందో చూడండి" అంటూ వెళ్ళకండి, ప్రశ్నలు రాసుకుని వెళ్ళండి. అవి మీ పోస్టులోనే ఉన్నాయి. విన్నది అంత బాగా గుర్తుండేవాడికి కంటితో చూసిన పదం ఎందుకు నిలవట్లేదు? ధ్యాస తప్పేది అన్ని పనుల్లోనా, చదివే రాసే పనుల్లోనేనా? ధ్యాస నిలవక చదువు రావట్లేదా, చదవడం రాక ధ్యాస చెదురుతోందా? నా దృష్టిలో ఆ చివరిదే అసలు ప్రశ్న. (రెండూ కలిసి ఉన్న పిల్లలూ చాలామందే ఉంటారు, ఆ తలుపు ఇప్పుడే మూసెయ్యకండి.) ఏ పరీక్షలు ఎంచుకోవాలో మాకు తెలిసేది ఇలాంటి ప్రశ్నల వల్లే. అవి లేకపోతే అందరికీ చేసేవే చేసి, అందరికీ ఇచ్చే రిపోర్టే ఇస్తారు. పైన నాన్నగారికి మొదటిసారి జరిగింది అదే.

వెళ్ళేముందు కళ్ళూ చెవులూ చూపించండి. బోర్డు మీద అక్షరాలు కనిపిస్తున్నాయా అని ఇంట్లో అడిగి ఊరుకోవద్దు, సరిగ్గా పరీక్ష చేయించండి. చెవి సంగతి మరీ ముఖ్యం. జలుబు చేసినప్పుడల్లా నడిమి చెవిలో నీరు నిలిచే పిల్లలకి వినికిడి ఒక వారం బాగుంటుంది, ఇంకో వారం మందగిస్తుంది. ఇంట్లో ఎదురుగా మాట్లాడితే అన్నీ వినిపిస్తాయి, నలభై గొంతులున్న గదిలో సగం పోతుంది. బయటికి అది ధ్యాస లేనట్టే కనిపిస్తుంది. నిద్ర ఎలా ఉందో కూడా గమనించండి. రోజూ గురక పెడుతూ, పొద్దున అలసటగా లేచే బిడ్డ అయితే ఆ మాట డాక్టర్‌గారికి చెప్పాలి.

ఫారాలు కలవలేదని కంగారు పడకండి. అవి స్క్రీనింగ్ కోసం, అంటే ఇంకా లోతుగా చూడాలా అని తెలుసుకోవడానికి. వాటితో జబ్బు నిర్ధారణ జరగదు. టీచర్ అబద్ధం రాయలేదు, మీరు దాచిపెట్టలేదు. 1987లో అకెన్‌బాక్, ఆయన తోటి పరిశోధకులు 119 అధ్యయనాలను కలిపి చూశారు. ఒకేచోట బిడ్డని చూసేవాళ్ళ అభిప్రాయాల మధ్య, అంటే తల్లికీ తండ్రికీ మధ్యో ఇద్దరు టీచర్ల మధ్యో, పొంతన సగటున 0.60 ఉంది. తల్లిదండ్రులూ టీచర్లూ లాగా వేర్వేరు చోట్ల చూసేవాళ్ళ మధ్య అది 0.28 మాత్రమే. అచ్చం ఒకటే అయితే 1 అనుకోండి, ఏ సంబంధమూ లేకపోతే 0. కాబట్టి తేడా రావడమే మామూలు. ఆ తేడా ఎక్కడ, ఏ పని దగ్గర వస్తోందో వెతకడమే మా పని.

ఏడీహెచ్‌డీ అనాలంటే డీఎస్ఎం–5 (మానసిక సమస్యల నిర్ధారణకి మేం వాడే అమెరికా ప్రమాణ గ్రంథం) అడిగేవి చాలా ఉన్నాయి. ధ్యాసకి సంబంధించి తొమ్మిది లక్షణాలు, నిలకడ లేకపోవడం, దుడుకుతనానికి సంబంధించి తొమ్మిది. ఈ వయసు పిల్లల్లో ఏదో ఒక జాబితాలోంచి కనీసం ఆరు, ఆరు నెలలకి తగ్గకుండా, వయసుకి మించి కనిపించాలి. కొన్నైనా 12 ఏళ్ళ లోపు మొదలై ఉండాలి. ఇల్లు, బడి లాంటి రెండు చోట్లైనా ఉండాలి, రోజువారీ పనులకి అడ్డు తగలాలి, ఇంకో కారణంతో అంతకంటే బాగా అర్థమయ్యేలా ఉండకూడదు. ఇది తేల్చే ఒకే ఒక్క పరీక్ష అంటూ ఏదీ లేదు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి బటన్ నొక్కించే పరీక్షలు ఉన్నాయి, అవి ఇచ్చేది ఒక ముక్క సమాచారమే. వేలిముద్రలు చూసి పిల్లల తెలివితేటలు చెప్తామనేవాళ్ళ దగ్గరికి మాత్రం దయచేసి వెళ్ళకండి, దానికి శాస్త్రీయమైన ఆధారం ఏమీ లేదు.

ఇక లోపల ఏం జరుగుతుందంటారా. ముందు మీతో చాలాసేపు మాట్లాడతారు: కాన్పు, మాటలు ఎప్పుడొచ్చాయి, జబ్బులు, బడి, ఇంట్లో పరిస్థితులు. మీవారిని కూడా తీసుకెళ్ళండి. "నేనూ అంతే" అన్న మాటని ఆయన ఓదార్పుగా అన్నారు, మాకు మాత్రం అది చాలా విలువైన సమాచారం. చదవడంలో ఇబ్బంది కుటుంబాల్లో వస్తూ ఉంటుంది. ఆయనకి అప్పుడు ఏది కష్టమయ్యేది, ఇప్పటికీ పైకి చదవాలంటే తప్పించుకుంటారా, ఇవన్నీ అడుగుతాం. బాబు నోట్‌బుక్‌లు పట్టుకెళ్ళండి. నీట్‌గా ఉన్నవి ఏరకండి, కొట్టివేతలున్నవే కావాలి.

తర్వాత బాబుతో. బల్ల దగ్గర పక్కపక్కనో ఎదురెదురుగానో కూర్చుని చేసే పనులివి. సూదులుండవు, మార్కులుండవు. పరీక్షల్లో ఉన్న అసలు ప్రశ్నలు చెప్పకూడదు, ముందే తెలిస్తే వాటికి విలువ పోతుంది. పోలికకి చెప్తాను. రంగు దిమ్మలు ఇచ్చి బొమ్మలో ఉన్నట్టు పేర్చమంటాం. 5, 8, 2 అని చెప్పి వెనక నుంచి చెప్పమంటాం. అది గుర్తుంచుకుంటూనే మనసులో తిప్పగలడా అని చూడటానికి. మీవాడి విషయంలో నేనైతే ఎక్కువసేపు ఉండేది చదివే పని దగ్గర. "తోమిజ", "గిబలుకు" లాంటి, ఏ అర్థమూ లేని పదాలు అచ్చు వేసి ముందు పెడతాం. బాగా మాటలొచ్చిన పిల్లలు తెలిసిన పదాన్ని సందర్భాన్ని బట్టి ఊహించేస్తారు, చదువుతున్నట్టే ఉంటుంది. ఎవరూ ఎప్పుడూ వినని పదాన్ని ఊహించడం కుదరదు. అక్షరాన్ని శబ్దంగా మార్చి, ఆ శబ్దాలని కలుపుకోవాల్సిందే. అక్కడ పిల్లాడు ఆగిపోతే, ఇబ్బంది ఎక్కడుందో మాకు కనిపిస్తుంది. పదాన్ని శబ్దాలుగా విడగొట్టగలడా, తెలిసిన బొమ్మల పేర్లు వరసగా ఎంత వేగంగా చెప్పగలడు, ఇవీ చూస్తాం.

స్కోరు కంటే ఒక్కోసారి మాకు ఎక్కువ చెప్పేది పిల్లాడి తీరు. దిమ్మల దగ్గర ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చున్నవాడు, చదివే కాగితం తీయగానే బాత్రూమ్‌కి వెళ్ళొస్తానంటాడు. రబ్బరుతో అదే చోట కాగితం చిరిగేదాకా తుడుస్తాడు. తప్పయిందని మేం అనకముందే "నాకు రాదు" అంటాడు. ఇవన్నీ రాసుకుంటాం. మంచి రిపోర్ట్‌లో ఇవి కనిపించాలి.

మొత్తం కొన్ని గంటల పని. ఒకే రోజు లాగించకుండా రెండు మూడు పూటలుగా చేయమనండి, పొద్దుటి పూట అయితే మేలు. జ్వరంగా ఉంటే వాయిదా వేయించండి. ముందురోజు నెట్‌లో చూసి ప్రాక్టీస్ చేయించొద్దు. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష అయితే ఆ సంగతి మొదటి రోజే చెప్పండి. బాగా రాని భాషలో అడిగిన ప్రశ్నకి జవాబు రాకపోతే అది తెలివి తక్కువని కాదు. ఆ తేడా తెలిసినవాళ్ళే పరీక్ష చెయ్యాలి.

నంబర్ గురించి మీ భయం నాకు అర్థమైంది. 1905లో ఫ్రాన్స్‌లో బినే, సిమోన్ ఇలాంటి పరీక్ష తొలిసారి తయారుచేసింది బడిలో ఏ పిల్లలకి అదనపు సాయం కావాలో గుర్తించడానికే. ఒక బిడ్డ జీవితాంతం ఎంత దూరం వెళ్తాడో తేల్చడానికి కాదు. నేనూ ఆ పని కోసమే ఈ పరీక్షలు చేస్తాను. నంబర్ వస్తుంది, కాకపోతే ఒకటి కాదు, చాలా వస్తాయి. రిపోర్ట్ వచ్చాక ఇక్కడ రాయండి, ఎలా చదవాలో చెప్తాను.

బాబుకి ఏం చెప్పాలంటారా? నిజమే చెప్పండి. డాక్టర్ దగ్గర ఆడుకోవడానికి వెళ్తున్నాం అనొద్దు. వెళ్ళిన ఐదు నిమిషాల్లో అది అబద్ధమని తెలిసిపోతుంది, ఆపైన మమ్మల్నీ నమ్మడు. ఇలా చెప్పొచ్చు: "కథలు నీకు భలే గుర్తుంటాయి కదా. చదవడం మాత్రం కష్టంగా ఉందని నువ్వే చెప్పావు. ఎందుకు కష్టమవుతోందో కనుక్కోవడమే వాళ్ళ పని. కొన్ని తేలిగ్గా ఉంటాయి, కొన్ని ఎవరికైనా కష్టంగా ఉంటాయి, అవి అలాగే తయారుచేశారు. రాకపోతే రాదని చెప్పెయ్." బుర్ర లేదా అని అడిగాడు కదా, ఆ ప్రశ్న దాటెయ్యకండి. "నీకు బుర్ర ఉందని నాకు తెలుసు. దానికి ఏ దారిలో నేర్పితే ఎక్కుతుందో తెలుసుకుందాం" అనండి.


ఒక పెద్దబాబు తల్లి:

నా అనుభవం వేరు. మావాడి ఇబ్బందికి రిపోర్ట్‌లో ఒక పేరు పెట్టాక అందరూ ఆ పేరునే చూశారు, మావాడిని చూడటం మానేశారు. బడిలో కష్టమైన లెక్క ఇవ్వడం ఆపేశారు, "పాపం, వాడికి వద్దులే" అని. వాడికి లెక్కలంటే ప్రాణం. టెస్టింగ్ చేయించొద్దని అనను. రిపోర్ట్ ఎవరెవరి చేతికి వెళ్తుందో ముందే తేల్చుకోండి, ప్రతి బంధువుకీ చెప్పుకోవాల్సిన పని లేదు.


పిల్లల సైకాలజిస్ట్:

మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, అలా జరిగినందుకు బాధగా ఉంది. పూర్తి రిపోర్ట్‌లో కాన్పు వివరాల నుంచి ఇంటి గొడవల దాకా ఉంటాయి. అదంతా బడికి అక్కర్లేదు. బడికి ఇవ్వడానికి ఒకటి రెండు పేజీల్లో ఏం ఇబ్బంది, ఏం చెయ్యాలి అని మాత్రమే విడిగా రాసివ్వమని అడగండి, రాసిస్తారు. వాడు బాగా చేసేవి కూడా అందులో ఉండాలి. "లెక్కల్లో తోటివాళ్ళ స్థాయికి తగ్గకుండా పని ఇవ్వాలి" అని కాగితం మీదే ఉంటే, జాలిపడి పని తగ్గించడం అంత సులువు కాదు.

పేరు పెట్టకపోయినా పిల్లలకి పేర్లు తప్పడం లేదు అన్నది కూడా ఆలోచించండి. బద్ధకస్తుడు, మొద్దు, గారాబం. ఎనిమిదేళ్ళ బిడ్డ తనకి తనే "బుర్ర లేదు" అని పెట్టుకున్నాడు. ఇన్నిటికంటే సరైన పేరు మేలని నేను గట్టిగా నమ్ముతాను.


ప్రత్యేక తరగతుల టీచర్:

ఒక్క మాట. టెస్టింగ్‌కి తేదీ దొరికి, రిపోర్ట్ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోకండి. ఈలోపు క్లాస్ టీచర్‌ని కలిసి, అందరి ముందూ లేపి పైకి చదివించొద్దని అడగండి. ఇది ఇవాళే చెయ్యొచ్చు, ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఏం సాయం చేశారో, ఎన్ని వారాలు చేశారో, ఎంత మారిందో టీచర్‌ని రాసి ఉంచమనండి. టెస్ట్ చేసేవాళ్ళు ఆ కాగితం అడుగుతారు. అడగకపోయినా మీరే ఇవ్వండి. హోంవర్క్‌లో చదవాల్సిన భాగం మీరు చదివిపెట్టి, జవాబు వాడి నోటితో చెప్పించండి. సాయంత్రం గొడవ సగానికి తగ్గుతుంది.


చిన్నోడి అమ్మ:

అందరికీ పేరుపేరునా థాంక్స్. మీరు చెప్పినట్టే ప్రశ్నలు రాసుకుని వెళ్ళాం. కళ్ళు, చెవులు బాగానే ఉన్నాయన్నారు. మా ఆయన కూడా వచ్చారు. ఆ మేడమ్ అడుగుతుంటే, చిన్నప్పుడు ఏ పేరా తన వంతుకి వస్తుందో లెక్కపెట్టుకుని ముందే బట్టీ పట్టేవాడినని చెప్పారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేనెప్పుడూ ఆ మాట వినలేదు.

రిపోర్ట్ వచ్చింది. వచ్చే వారం కూర్చుని వివరిస్తారట, ఈలోపు నాకు టెన్షన్ ఆగట్లేదు. డబ్ల్యూఐఎస్‌సీ–5 అనే పిల్లల ఐక్యూ పరీక్షలో మాటల అవగాహన 118, వర్కింగ్ మెమరీ 88, మొత్తం ఐక్యూ 102. చదివే పరీక్షలో అర్థం లేని పదాలకి 74, పక్కన 69–81 అని, పర్సంటైల్ 4 అని ఉంది. నాలుగు అంటే నూటికి నాలుగు మార్కులేనా? చివర్లో "చదవడంలో స్పెసిఫిక్ లెర్నింగ్ డిజార్డర్" అని రాశారు. ఏడీహెచ్‌డీ ప్రమాణాలకి ఇప్పుడు సరిపోవట్లేదు, ఏడాది తర్వాత మళ్ళీ చూడాలి అన్నారు. ఇదంతా ఎలా అర్థం చేసుకోవాలి?


పిల్లల సైకాలజిస్ట్:

ముందుగా ఆ నాలుగు గురించి. అవి మార్కులు కావు. అదే వయసు పిల్లలు వందమందిని వరసలో నిలబెడితే, వాడి స్కోరుకి సమానంగానో తక్కువగానో వచ్చేవాళ్ళు దాదాపు నలుగురు. పర్సంటైల్ 50 అంటే సరిగ్గా మధ్యలో, ఫెయిల్ కాదు. చాలామంది తల్లిదండ్రులు దాన్ని శాతంగా చదివి ఊరికే బెంగపెట్టుకుంటారు.

ఈ స్కోర్లన్నిటికీ మధ్య బిందువు 100. ప్రతి 15కీ ఒక మెట్టు. 85 నుంచి 115 మధ్యలో మూడింట రెండొంతుల మంది పిల్లలు ఉంటారు. అలా చూస్తే మాటల అవగాహనలో 118 అంటే వందమందిలో 88 మందికి సమానంగానో పైనో ఉన్నాడు. కథలు అలా పట్టుకునేది అందుకే. వర్కింగ్ మెమరీ, అంటే గుర్తుంచుకుంటూనే మనసులో తిప్పడం, 88. కొంచెం కిందికి ఉన్నా చాలామంది పిల్లలు ఉండే పరిధిలోనే ఉంది. చదవడం దగ్గర 74. ఒకే బిడ్డలో 118, 74! ఇన్నాళ్ళూ ఇంట్లో ఒక పిల్లాడు, బడిలో ఇంకో పిల్లాడు కనిపించడానికి కారణం ఈ దూరమే. ఆ 69–81 ఏమిటంటే, ఏ పరీక్షా బిడ్డ సామర్థ్యాన్ని ఒక్క అంకెలో కచ్చితంగా పట్టుకోలేదు కాబట్టి, అసలు స్థాయి దాదాపు ఈ మధ్యలో ఎక్కడో ఉంటుందని చెప్పడం. అది రాశారంటే రిపోర్ట్ జాగ్రత్తగా తయారుచేశారని అర్థం.

మొత్తం 102 అన్నది పట్టుకుని వేలాడకండి. చదవడం పరీక్ష అందులో కలవనే కలవదు. పైగా భాగాల మధ్య ఇంత ఎత్తుపల్లాలు ఉన్నప్పుడు సగటు మనకి పెద్దగా చెప్పేదేమీ ఉండదు.

స్పెసిఫిక్ లెర్నింగ్ డిజార్డర్ అంటే, మీవాడి విషయంలో, మామూలుగా డిస్లెక్సియా అంటామే, అదే. ఐక్యూకీ చదువు స్కోరుకీ ఇంత తేడా ఉంటేనే ఈ పేరు పెట్టాలన్న పాత నియమాన్ని డీఎస్ఎం–5 2013లో తీసేసింది. ఇప్పుడు చూసేది వయసుకి తగ్గట్టు చదవడం బాగా వెనకబడిందా, సాయం చేసినా ఆరు నెలలకి పైగా అలాగే ఉందా అన్నది. స్కోరు 78 లేదా అంతకంటే తక్కువ ఉంటే నిర్ధారణ మీద నమ్మకం ఎక్కువని అందులోనే ఉంది. మీ రిపోర్ట్ ఆ లెక్కకి సరిపోతోంది.

ఏడీహెచ్‌డీ విషయంలో వాళ్ళు తొందరపడకపోవడం నాకు నచ్చింది. చదివే పని దగ్గరే ధ్యాస చెదురుతోందనుకుంటే, చదవడం కుదుటపడ్డాక ధ్యాస ఎలా ఉందో చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. అప్పటికీ అలాగే ఉంటే మళ్ళీ చూడాల్సిందే.

చెయ్యాల్సిందల్లా అక్షరానికీ శబ్దానికీ ఉన్న లంకెని క్రమపద్ధతిలో, మెట్టుమెట్టుగా, రోజూ కొద్దికొద్దిగా నేర్పించే శిక్షణ. వారానికి ఒకసారి గంటన్నర కంటే రోజూ ఇరవై నిమిషాలు ఎంతో నయం. పక్కనే ఇంకొకటి ఆపకుండా చెయ్యాలి: వాడికి కథలు చదివి వినిపిస్తూనే ఉండండి. చదవడం రాదని పుస్తకాలు దూరమైతే, ఇప్పుడున్న 118 కూడా మెల్లగా వెనకబడొచ్చు. కొత్త మాటలు, కొత్త విషయాలు పిల్లలకి చాలావరకు చేరేది పుస్తకాల నుంచే కదా. వినే పుస్తకాలు కూడా పనికొస్తాయి. రంగు అద్దాలు, కంటి వ్యాయామాలు అంటూ ఎవరైనా వస్తే వద్దనండి. అవి డిస్లెక్సియాకి పనిచేస్తాయనడానికి సరైన ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ కంటి వైద్యుల సంఘాలతో కలిసి 2009లోనే చెప్పింది.

వచ్చే వారం వెళ్ళినప్పుడు ఇవి అడిగి రాయించుకోండి. శిక్షణ ఎవరిస్తారు, వారానికి ఎన్ని రోజులు? బడిలో ఏ పరీక్షకి ఎంత అదనపు సమయం, ఏవి నోటితో చెప్పనివ్వాలి? ఎదుగుదలని ఎన్ని నెలలకోసారి, దేనితో కొలుస్తారు? కొలవాల్సింది చదవడాన్నే, ఐక్యూ పరీక్ష మళ్ళీ వెంటనే చేయించొద్దు. తక్కువ వ్యవధిలో చేస్తే అలవాటు వల్ల స్కోరు పెరుగుతుంది, దానికి అర్థం ఉండదు.

మీ మీటింగ్ అయ్యాక బాబుకి కూడా విడిగా ఒక పది నిమిషాలు ఇవ్వమని అడగండి. ఏవి బాగా చేశాడో, ఏది కష్టమైందో, ఇకపై ఏం చేయబోతున్నారో పరీక్ష చేసినావిడే వాడికి అర్థమయ్యేలా చెప్తారు. బుర్ర గురించి వాడు మిమ్మల్ని అడిగిన ప్రశ్న ఆవిడకి ముందే చెప్పి ఉంచండి.


చిన్నోడి అమ్మ:

అన్నీ నోట్ చేసుకున్నాను. బాబుని కూడా తీసుకొస్తామని ఇప్పుడే మెసేజ్ పెట్టాను, సరేనన్నారు. మీటింగ్‌కి మా ఆయన సెలవు పెడుతున్నారు. తనకి కూడా పెద్దవాళ్ళకి చేసే పరీక్ష ఏమైనా ఉందా అని అడగమంటున్నారు.


పిల్లల సైకాలజిస్ట్:

ఉంటుందండి, పెద్దవాళ్ళకి విడిగా ఉంటాయి. ఏ వయసులోనైనా చేయించుకోవచ్చు.